పాఠకుల ప్రశ్నలు: కాంటన్ బహిష్కరణ ముందు బ్రిటన్ ఎందుకు తగ్గింది?

గత సంచికలో 1925–26 కాంటన్–హాంకాంగ్ సమ్మె మీద ఒక పేజీ వ్యాసం వేశాం. కాంటన్ అంటే దక్షిణ చైనాలోని నేటి గ్వాంగ్‌జౌ. హాంకాంగ్ అప్పుడు బ్రిటిష్ వలస. చైనా కార్మికులు దాదాపు 16 నెలలు బ్రిటిష్ సరుకునీ, బ్రిటిష్ ఓడల్నీ, హాంకాంగ్ రేవునీ వెలివేశారనీ, చివరికి బ్రిటన్ రాజీకి వచ్చిందనీ అందులో రాశాం. ఆ రాజీ ఎలా కుదిరిందో చెప్పకుండా ఒక్క వాక్యంతో దాటేశారని చాలామంది నిలదీశారు. సబబే. వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులు.

కాల్పులు జరిగింది షాంఘైలో. సమ్మె హాంకాంగ్‌లో ఎందుకు? పోటీ పరీక్షల పుస్తకాల్లో మే 4, మే 30 కలగాపులగంగా ఉన్నాయి. — డిగ్రీ విద్యార్థిని, వరంగల్

ముందు తేదీలు. మే 4 అంటే 1919, పెకింగ్ (నేటి బీజింగ్) విద్యార్థుల ఉద్యమం, కోపం ప్రధానంగా జపాన్ మీద. మే 30 అంటే 1925, షాంఘై, కోపం బ్రిటన్ మీద. రెండోదానికి నిప్పు రాజేసింది మాత్రం జపాన్ వాళ్ల నూలు మిల్లే. అక్కడ మే 15న గూ జెంగ్‌హాంగ్ అనే కార్మికుణ్ణి కాల్చి చంపారు. దానికి నిరసనగా మే 30న విద్యార్థులు షాంఘైలో విదేశీయుల పాలనలోని అంతర్జాతీయ సెటిల్‌మెంట్‌లో నాన్‌కింగ్ రోడ్డు మీదికి వచ్చారు. లౌజా పోలీస్ స్టేషన్ ముందు ఇన్‌స్పెక్టర్ ఎవర్‌సన్ కాల్చమన్నాడు, సిక్కు, చైనా కానిస్టేబుళ్లు కాల్చారు. కనీసం తొమ్మిది మంది పోయారు. ఆజ్ఞ ఇచ్చింది బ్రిటిష్ అధికారి కాబట్టి జపాన్ పక్కకు తప్పుకుంది, బ్రిటన్ ఎదురుగా నిలబడింది.

హాంకాంగ్ విషయానికొస్తే, అక్కడ సమ్మె చేయడం తెలిసిన మనుషులు ముందే ఉన్నారు. 1922 జనవరిలో ఓడ కార్మికులు సమ్మె కట్టి, మార్చికల్లా 15 నుంచి 30 శాతం జీతాల పెంపు సాధించారు. మూసేసిన తమ సంఘాన్ని మళ్లీ తెరిపించుకున్నారు. ఆ సంఘంలో ఎదిగిన సూ జావోజెంగ్, కమ్యూనిస్టు నిర్వాహకుడు డెంగ్ జాంగ్‌షియా కలిసి 1925 జూన్ 19న పని ఆపించారు. మొదట ఓడలు, ట్రాములు, అచ్చు యంత్రాలు ఆగాయి. ఆ తరువాత జూన్ 23న కాంటన్‌లో ఊరేగింపు షామీన్ దీవి ఎదుటి షాకీ వీధిలో సాగుతుండగా కాల్పులు మొదలయ్యాయి. షామీన్ అంటే వంతెనలతో ఊరికి కలిసిన చిన్న ఇసుకదిబ్బ. అందులో అయిదింట నాలుగు వంతులు బ్రిటిష్ వారివి, ఒక వంతు ఫ్రెంచి వారిది. చైనా వైపు 52 మంది చనిపోయారు, అవతల ఒక ఫ్రెంచి వర్తకుడు పోయాడు. ముందు ఎవరు కాల్చారన్న తగువు ఇప్పటికీ తేలలేదు. సమ్మె మాత్రం ఆ రోజుతో బహిష్కరణగా మారింది. జూలై చివరికి సుమారు 7 లక్షల జనాభా ఉన్న హాంకాంగ్ నుంచి రెండున్నర లక్షల మంది దాకా కాంటన్ వైపు వెళ్లిపోయారు.

నేను హోల్‌సేల్ వ్యాపారం చేస్తాను. బహిష్కరణ అని గోడల మీద రాయడం తేలిక. లాభం కనపడితే సరుకు ఏదో దారిన వచ్చేస్తుంది. 16 నెలలు ఎలా ఆపారు? — విజయవాడ

అసలు కీలకం ఇదే. మొదటి వారాల్లో వాళ్లు చేసింది తప్పే: విదేశీ సరుకంతా ఆపేశారు. దాంతో కాంటన్‌లోనే ధరలు పెరిగాయి, వర్తకులు గొణిగారు, అమెరికా, జపాన్ వర్తకులు బ్రిటన్ వాళ్లతో గొంతు కలిపే ప్రమాదం వచ్చింది. ఆగస్టులో సమ్మె కమిటీ ఎత్తు మార్చి పర్మిట్ పద్ధతి పెట్టింది. సరుకు బ్రిటిష్‌ది కాకూడదు, ఓడ బ్రిటిష్‌ది కాకూడదు, ఓడ హాంకాంగ్‌లో ఆగి ఉండకూడదు. ఈ మూడూ సరిపోతే ఏ దేశపు ఓడైనా నేరుగా కాంటన్‌కు రావచ్చు.

మీ భాషలో చెప్పాలంటే, మాంచెస్టర్ గుడ్డ జపాన్ ఓడలో వస్తే చెల్లదు. జపాన్ గుడ్డ జపాన్ ఓడలోనే వచ్చినా దారిలో హాంకాంగ్‌లో దించి ఎక్కిస్తే చెల్లదు. అమెరికా పిండి బస్తాలు అమెరికా ఓడలో షాంఘై నుంచి తిన్నగా వస్తే చెల్లుతాయి. అంతకు ముందు దక్షిణ చైనా సరుకులో పెద్ద భాగం హాంకాంగ్‌లో దిగి చిన్న ఓడలకు మారి కాంటన్ చేరేది. ఆ దళారీ రేవును తప్పిస్తే కాంటన్ వర్తకుడికి మిగులు, జపాన్, అమెరికా ఓడల కంపెనీలకు బేరం. బ్రిటన్‌కు సాయం చేస్తే ఆ బేరం పోతుంది. కాబట్టి ఎవరూ చేయలేదు. 1924లో కాంటన్‌కు నెలకు 160 నుంచి 240 దాకా బ్రిటిష్ ఓడలు వచ్చేవని, 1925 ఆగస్టు–డిసెంబరు మధ్య అవి నెలకు 2 నుంచి 27కి పడిపోయాయని లెక్క.

అమలు చేసే యంత్రాంగం కూడా గట్టిదే. 50 మంది సమ్మెకారులకు ఒకరు చొప్పున ఎన్నికైన 800కు పైగా ప్రతినిధుల సభ, దాని కింద 13 మంది కమిటీ, దాని చేతిలో రెండు వేలకు పైగా గస్తీ దళం. తీరం వెంబడి రేవుల్లోనూ, హాంకాంగ్ సరిహద్దులోని షుంచున్ దగ్గరా వీళ్లు కాపలా కాశారు. ఈ షుంచున్ నేటి షెన్‌జెన్. పట్టిన సరుకును వేలం వేసేవారు. పట్టుబడ్డవారిని విచారించడానికి వేరే న్యాయస్థానం ఉండేది. వచ్చిన జనాన్ని ఖాళీ చేయించిన జూదపుటిళ్లలో, నల్లమందు కొట్లలో ఉంచి తిండి పెట్టారు. కాంటన్ నుంచి వాంపోవా రేవుకు రోడ్డు వేసే పని వాళ్ల చేతే చేయించారు. ఖర్చుకు కాంటన్ ప్రభుత్వ సొమ్ము, విదేశాల్లోని చైనీయుల చందాలు, వేలం డబ్బు.

చిల్లులు లేవని కాదు. పోర్చుగీసు మకావు, ఫ్రెంచి గ్వాంగ్‌జౌవాన్ దారిన సరుకు కారింది. లేబుళ్లు మార్చారు. గస్తీలో కొందరు లంచాలు మరిగారు. పర్మిట్ రుసుము భారమని వర్తకులు గోల చేస్తే ఆ రుసుమును ఎత్తేసి, వర్తక సంఘాలతో కలిసి కొత్త నిబంధనలు రాసుకోవలసి వచ్చింది. అన్నిటికన్నా పెద్ద చిక్కు 1926 ఫిబ్రవరిలో వచ్చింది. కస్టమ్స్ తనిఖీ కాకముందే గస్తీ దళం సరుకు పడవల్ని పట్టుకుంటే, విదేశీ అధికారులు నడిపే చైనా కస్టమ్స్‌కు కాంటన్ కమిషనరైన హేలీ బెల్ రేవునే మూసేశాడు. రేవు మూతపడితే కాంటన్ ఊపిరే ఆగుతుంది. కమిటీ ఆ సరుకు వదిలేసి కొద్ది రోజుల్లో సర్దుకుంది. ఇది వాళ్ల తెలివి అంటాను, లొంగుబాటు కాదు.

బ్రిటన్‌కు అంత నౌకాబలం ఉంది. 1840లో నల్లమందు యుద్ధంలో చేసినట్టు ఫిరంగులు ఎందుకు పేల్చలేదు? — రాజమహేంద్రవరం పాఠకుడు

పేల్చాలనే హాంకాంగ్ గవర్నర్ రెజినాల్డ్ స్టబ్స్ కోరిక. లండన్‌లోనే కుదరలేదు. హాంకాంగ్ గవర్నర్ వలసల శాఖ మనిషి, ఆ మంత్రి లియో ఆమెరీ. కాంటన్ కాన్సల్ జనరలూ, పెకింగ్ రాయబారీ విదేశాంగ శాఖ వారు, ఆ మంత్రి ఆస్టిన్ చాంబర్లేన్. స్టబ్స్‌కు కనపడేది తన రేవు, తన దివాలాలు. చాంబర్లేన్‌కు కనపడేది షాంఘై, యాంగ్జీ నది పొడవునా ఉన్న బ్రిటిష్ పెట్టుబడి. కాంటన్ మీద ఒక గుండు పేలితే షాంఘైలో మరో మే 30 తయారవుతుందని విదేశాంగ శాఖ భయం. ఆ భయం నిజమేనని షాకీ వీధి అప్పటికే చూపించింది.

దిగ్బంధం పెట్టాలన్న ప్రతిపాదనకు చట్టం దగ్గరే ముడి పడింది. దిగ్బంధం యుద్ధచర్య. బ్రిటన్ గుర్తించిన చైనా ప్రభుత్వం పెకింగ్‌లో ఉంది. కాంటన్‌లో ఉన్నది 1925 జూలై 1న తనకు తానే ప్రకటించుకున్న జాతీయ ప్రభుత్వం. దాన్ని మీరు గుర్తించలేదు కాబట్టి దాని మీద యుద్ధం ప్రకటించలేరు. పెకింగ్ మీద ప్రకటిద్దామంటే అది ఏ పాపమూ ఎరగదు, పైగా కాంటన్‌లో దాని మాట చెల్లదు. ఒకవేళ దిగ్బంధం పెట్టినా జపాన్, అమెరికా ఓడల్ని ఆపాలి. 1922 వాషింగ్టన్ ఒప్పందాల తరువాత ఆ ఇద్దరితో చైనా విషయంలో కలిసి నడుస్తానని మాటిచ్చిన దేశం ఆ పని ఎలా చేస్తుంది?

యుద్ధం కుదరక స్టబ్స్ చాటుమాటు దారులు పట్టాడు. కాంటన్‌కు శత్రువైన సేనాని చెన్ జియాంగ్‌మింగ్ వర్గానికి డబ్బు పంపుదామన్నాడు. లండన్ వద్దంది. అయినా కొంత డబ్బు వెళ్లింది. వెళ్లిన డబ్బు వృథా: ఆ అక్టోబరులోనే హ్వీజౌ కోట పడిపోయి, చెన్ బలగాలు చెల్లాచెదురయ్యాయి. హాంకాంగ్ లోపల మాత్రం అత్యవసర అధికారాల వల్ల స్టబ్స్ చేతికి అడ్డు లేదు. ఊరు వదిలేవారు 5 డాలర్లకు మించి వెండి నాణేలు తీసుకెళ్లరాదన్నాడు. తిండి గింజల ఎగుమతి నిషేధించాడు. ఉత్తరాలు, పత్రికల మీద నిఘా పెట్టాడు. సమ్మెకు వ్యతిరేకంగా ఒక చైనా దినపత్రికను పుట్టించారు. సమ్మెలో చేరని వారిని కాపాడే పేరుతో ఒక కండబలం దళమూ తయారైంది. ట్రాములు స్వచ్ఛంద సేవకులు నడిపితే, ఫెర్రీలు నౌకాదళం వాళ్లు నడిపారు. ఈ వ్యవహారమంతటిలో గవర్నర్‌కు నిజంగా అక్కరకొచ్చినవారు ఇద్దరు స్థానిక పెద్దలు, చౌ షౌసన్, రాబర్ట్ కోట్‌వాల్. వర్తకుల్ని నిలబెట్టడానికి లండన్ నుంచి 30 లక్షల పౌండ్ల వాణిజ్య రుణం వచ్చింది. ఊపిరి అందింది, వ్యాపారం తిరిగి రాలేదు.

చర్చలకు ఒక ఏడాది ఎందుకు పట్టింది? ఎవరూ దిగిరాలేదా? — హనుమకొండ నుంచి లాయరు

దిగిరావడం కన్నా ముందు, ఎవరితో మాట్లాడాలన్నదే తేలలేదు. "ఇది మీకూ మీ కార్మికులకూ మధ్య తగువు, మేం మధ్యవర్తులం మాత్రమే" అని కాంటన్ ప్రభుత్వం. "బహిష్కరణ నడిపిస్తున్నది మీరే, ప్రభుత్వాల మధ్య తేల్చుకుందాం" అని హాంకాంగ్. ఈ వాదనలోని గడుసుదనం మీకు చెప్పనక్కరలేదు. ప్రతివాది తనను మధ్యవర్తి అని చెప్పుకుంటే పరిహారం ఎవరి దగ్గర వసూలు చేస్తారు? ఇటు బ్రిటన్‌కూ ఇబ్బందే. కాన్సల్ వెళ్లి కాంటన్ మంత్రితో బల్ల దగ్గర కూర్చుంటే గుర్తించినట్టే. అందుకని మొదట వర్తకుల్ని పంపారు. 1925 చివర హాంకాంగ్ చైనా వర్తకులు వెళ్లి మాట్లాడారు. సమ్మె రోజుల జీతాలు చెల్లించాలి, అందరినీ పనిలోకి తీసుకోవాలి అన్న షరతుల దగ్గర తాడు తెగింది.

1925 నవంబరు 1న గవర్నర్ మారాడు. సెసిల్ క్లెమెంటీ కాంటనీస్ ధారాళంగా మాట్లాడేవాడు. మాట మెత్తన, పట్టు గట్టి: హాంకాంగ్ ఖజానా నుంచి సమ్మె జీతం కింద ఒక్క డాలరు రాదని ఆయన బాహాటంగానే చెప్పాడు. ఇచ్చేస్తే ప్రతి ఏటా సమ్మె వస్తుందన్నది ఆయన లెక్క. అదే ఊపులో చౌ షౌసన్‌ను 1926లో గవర్నర్ కార్యనిర్వాహక మండలిలోకి తీసుకున్నాడు. ఆ కుర్చీలో కూర్చున్న తొలి చైనీయుడు ఆయనే. సమ్మె లేకపోతే ఆ కుర్చీ అప్పుడే దక్కేది కాదని నా అభిప్రాయం.

అటువైపు 1926 మార్చి 20న కాంటన్ సేనాని చియాంగ్ కై-షేక్ ఊళ్లో కమ్యూనిస్టుల, రష్యన్ సలహాదారుల పట్టు సడలించాడు. ఉత్తరాది సేనానుల మీద దండయాత్రకు సిద్ధమవుతున్నవాడికి వెనక హాంకాంగ్ తగువు రగులుతూ ఉండటం నచ్చలేదు. దాంతో జూలై 15 నుంచి 23 దాకా అసలు చర్చలు జరిగాయి. బ్రిటిష్ వైపు కాన్సల్ జనరల్ బాధ్యతలు చూస్తున్న బ్రెనన్, హాంకాంగ్ అటార్నీ జనరల్ కెంప్ తదితరులు. చైనా వైపు విదేశాంగ మంత్రి యూజీన్ చెన్, ఆర్థిక మంత్రి టి.వి. సూంగ్, గూ మెంగ్యూ. ఇందులో ఒక వింత ఉంది. చెన్ ట్రినిడాడ్‌లో పుట్టిన లాయరు, చైనా భాష సరిగా రాదు, ఇంగ్లీషులో దిట్ట. హాంకాంగ్ గవర్నర్‌కేమో కాంటనీస్ కొట్టిన పిండి.

చెన్ షాకీ కాల్పులకు పరిహారం, కార్మికులకు సొమ్ము అడిగాడు. బ్రిటన్ వారు పరిహారం అన్న మాట కాగితం మీద ఉండకూడదన్నారు. దానికి బదులు అభివృద్ధి పనులకు అప్పు ఇస్తామన్నారు. అప్పుకు పెట్టిన షరతులు కాంటన్‌కు మింగుడు పడలేదు. చర్చలు ఆగాయి. సెప్టెంబరు మొదటి వారంలో బ్రిటిష్ గన్‌బోట్లు కాంటన్ రేవులో తమ గట్ల చుట్టూ ఉన్న గస్తీ పడవల్ని తొలగించాయి. అదే వారంలో, సెప్టెంబరు 5న, యాంగ్జీ మీద వాన్‌షియన్‌లో బ్రిటిష్ నౌకలు ఊరి మీద ఫిరంగులు పేల్చాయి. రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు. మొదటిది కొలిచి వేసిన దెబ్బ, రెండోది చేయిదాటిన ఘర్షణ. చియాంగ్ సేనలు అప్పటికి హాంకౌ దగ్గర ఉన్నాయి. కాంటన్‌కు ఇక సమ్మె భారంగా మారింది. సెప్టెంబరులో చెన్ బ్రెనన్‌కు రాశాడు: అక్టోబరు 10కల్లా గస్తీ తీసేస్తాం, దానితో పాటు ఒక కొత్త పన్ను వేస్తాం.

ఆ పన్ను లెక్క వివరించగలరా? దాంతో సమస్య ఎలా తీరింది? — ట్యాక్స్ ప్రాక్టీషనర్, హైదరాబాద్

ఒప్పందాల ప్రకారం చైనా దిగుమతి సుంకం విలువ మీద 5 శాతం. పెంచే హక్కు చైనాకు లేదు. వసూలు చేసేది విదేశీ అధికారులు నడిపే మారిటైమ్ కస్టమ్స్. వచ్చినది ముందు విదేశీ అప్పులకు, 1900 నాటి బాక్సర్ తిరుగుబాటుకు చైనా విదేశాలకు కట్టే పరిహారానికి పోగా మిగిలితే పెకింగ్‌కు. కాంటన్‌కు సున్నా. 1923 డిసెంబరులో అప్పటి కాంటన్ నాయకుడు సున్ యట్-సెన్ ఇదే కస్టమ్స్ మిగులులో వాటా అడిగితే విదేశీ యుద్ధనౌకలు నదిలో బారులు తీరాయి.

వాషింగ్టన్ సభలో అదనంగా మామూలు సరుకుకు 2.5 శాతం, విలాస వస్తువులకు 5 శాతం దాకా ఇద్దామని ఒప్పుకున్నారు గానీ, ఏళ్ల తరబడి అమలు కాలేదు. చెన్ సరిగ్గా ఆ రేట్లే తీసుకున్నాడు. 100 డాలర్ల గుడ్డకు కస్టమ్స్ 5, కాంటన్ 2.50, మొత్తం 7.50. 100 డాలర్ల విలాస వస్తువుకు 5, 5 కలిపి 10. ఈ అదనపు పన్నును మారిటైమ్ కస్టమ్స్ చేతికి ఇవ్వకుండా కాంటన్ తానే వేరే కార్యాలయంలో వసూలు చేసుకుంది. ఆ డబ్బుతోనే సమ్మెకారులకు సర్దుబాటు చేస్తామంది.

దాంతో అందరి మాటా నిలిచింది. క్లెమెంటీ సమ్మె జీతం ఇవ్వలేదు, కార్మికులకు డబ్బు వచ్చింది, పరిహారం అన్న పదం ఎక్కడా లేదు. పన్ను అన్ని దేశాల సరుకు మీదా పడింది కాబట్టి బ్రిటన్ ఒక్కతే చెల్లించినట్టూ కాలేదు. ఒప్పందాల ప్రకారం అది అక్రమమే. పెకింగ్‌లోని దౌత్య బృందం నిరసన తెలిపింది. లండన్ మాత్రం డిసెంబరు 18న ఒక పత్రం విడుదల చేసి, ఆ అదనపు సుంకాల్ని షరతుల్లేకుండా ఒప్పుకుందాం, పాత ఒప్పందాలు సవరించుకుందాం అని మిగతా దేశాలకు చెప్పింది. ఈ సుంకాన్ని తన సిబ్బందితో వసూలు చేయించనన్నందుకు కస్టమ్స్ అధిపతి ఫ్రాన్సిస్ ఆగ్లెన్‌ను 1927 మొదట్లో పెకింగ్ ప్రభుత్వం తొలగించింది. దారి తెరిచింది కాంటన్ అయినా, ఆ దారిన పెకింగ్ కూడా నడిచింది.

దీనిలో భారతీయుల పాత్ర ఉందా? — విశ్రాంత ఉపాధ్యాయుడు, మచిలీపట్నం

ఉంది, రెండు వైపులా. షాంఘై, హాంకాంగ్ పోలీసుల్లో సిక్కులు ఎక్కువ. 1927 మొదట్లో యాంగ్జీ మీది హాంకౌలో తమ పాలనలో ఉన్న పేట (కన్సెషన్) బ్రిటిష్ వారి చేజారాక, షాంఘైని కాపాడటానికి బ్రిటన్ పంపిన సైన్యంలో భారత బ్రిగేడ్ కూడా ఉంది. కేంద్ర శాసనసభలో దీనిపై తీర్మానం పెట్టబోతే వైస్రాయ్ ఇర్విన్ అనుమతించలేదు. 1927 ఫిబ్రవరిలో బ్రస్సెల్స్‌లో జరిగిన సామ్రాజ్యవాద వ్యతిరేక సభకు నెహ్రూ వెళ్లారు. అక్కడ భారత, చైనా ప్రతినిధులు ఉమ్మడి ప్రకటన ఇచ్చారు. ఆ డిసెంబరులో, డాక్టర్ అన్సారీ అధ్యక్షతన మద్రాసులో జరిగిన కాంగ్రెస్, చైనా నుంచి భారత సైనికుల్ని వెనక్కి పిలవాలని కోరింది.

సమ్మె నాయకులు ఏమయ్యారు? — కర్నూలు

1927 ఏప్రిల్‌లో చియాంగ్ కమ్యూనిస్టుల మీద విరుచుకుపడ్డప్పుడు కాంటన్‌లో సమ్మె సంస్థల్ని కూడా అణచివేశారు. సూ జావోజెంగ్ 1929లో జబ్బుతో పోయాడు. డెంగ్ జాంగ్‌షియాను 1933లో నాన్‌జింగ్‌లో కాల్చి చంపారు. కాల్పించింది బ్రిటిష్ వారు కాదు.

స్టబ్స్ వాడిన ఆ అత్యవసర అధికారాలు ఇప్పటికీ ఉన్నాయా? — ఖమ్మం

ఉన్నాయి. ఓడ కార్మికుల సమ్మెను అణచడానికి 1922 ఫిబ్రవరి 28న ఒక్క రోజులో చేసిన అత్యవసర నిబంధనల చట్టం అది. ఏ నిబంధన అవసరమనుకుంటే ఆ నిబంధన చేసే అధికారం అందులో ఉంది. 1925లో వాడారు, ఆ తరువాత కూడా వాడారు. హాంకాంగ్ 1997లో చైనాకు తిరిగి చేరాక కూడా అది చట్టాల పుస్తకంలోనే ఉంది. 2019 అక్టోబరులో నిరసనకారులు ముసుగులు వేసుకోరాదన్న నిషేధం తెచ్చింది దాని కిందే. 2020 డిసెంబరులో అక్కడి అత్యున్నత న్యాయస్థానం దాన్ని సమర్థించింది.